బేస్ గిటార్ టోన్ ఎక్కణ్ణించి వచ్చింది?

వాయిద్యాల చరిత్రలో ఈసారి నా సొంత వాయిద్యం వంతు వచ్చింది. బేస్ గిటార్. 30 ఏళ్ళకు పైగా పెళ్ళిళ్ళలో, ఆర్కెస్ట్రాల్లో, చర్చి సభల్లో, రికార్డింగుల్లో దీన్ని భుజాన వేసుకుని తిరుగుతున్నాను. అందుకని ఈ ఎపిసోడ్‌లో చరిత్రతో పాటు కాస్త అనుభవం కూడా కలుస్తుంది. ఏమీ అనుకోవద్దు.

కొత్తగా బేస్ పట్టుకున్న కుర్రాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే ప్రశ్న. "అన్నా, ఆ టోన్ రావాలంటే ఏ బేస్ కొనాలి, ఏ ఆంప్ కొనాలి?" అని. ఆర్కెస్ట్రా నడిపేవాళ్ళు అడిగే ప్రశ్న ఇంకోటి ఉంది. "బేస్ ట్రాక్‌లో ఉంది కదా, మళ్ళీ మనిషెందుకు?" అని. ఖర్చు తగ్గించుకోవాలంటే మా ఆర్కెస్ట్రాల్లో ముందు తీసేసేది బేస్ వాయించేవాణ్ణే. గాయకుడు లేకపోతే జనం అడుగుతారు. తబలా లేకపోతే కనిపెడతారు. బేస్ లేకపోతే మాత్రం "ఏదో వెలితిగా ఉందేంటి" అనుకుంటారే గానీ, ఆ వెలితి ఏంటో చెప్పలేరు.

ఈ రెండు ప్రశ్నలకీ జవాబు బేస్ గిటార్ చరిత్రలోనే ఉంది. నాకు అర్థమైనంతలో ఆ చరిత్ర చెప్పేది ఒక్కటే. మనం ఇవాళ గొప్పగా చెప్పుకునే ప్రతి బేస్ టోనూ, పనిలో ఎదురైన ఏదో ఒక ఇబ్బందికి పని చేసేవాడు కనిపెట్టుకున్న జవాబు. చాలాసార్లు జవాబు మిగిలింది, కనిపెట్టినవాడి పేరు మిగల్లేదు. ఎలాగో చూద్దాం రండి.

ఆరడుగుల పెట్టె

ముందు 1930ల అమెరికాకి వెళ్దాం. అప్పట్లో బేస్ అంటే డబుల్ బేస్. నిలబెట్టి వాయించే, మనిషికంటే ఎత్తుగా ఉండే వయొలిన్ లాంటి వాయిద్యం. దాన్ని డాన్స్ హాలుకి తీసుకెళ్ళడమే ఒక యజ్ఞం. కారు పైకప్పు మీద తాళ్ళతో కట్టేవాళ్ళు. వాన పడితే చెక్క ఉబ్బేది, చలికి పగిలేది.

అది మొదటి ఇబ్బంది. రెండోది ఇంకా పెద్దది, వినపడకపోవడం. డాన్స్ బ్యాండ్లలో డ్రమ్స్ ఉన్నాయి, ట్రంపెట్లు, సాక్సఫోన్లు ఉన్నాయి. 1930లలో గిటార్‌కి కూడా కరెంటు వచ్చేసింది. వీటి మధ్య డబుల్ బేస్ వాయించేవాడు వేళ్ళు బొబ్బలెక్కేలా లాగుతున్నా మూడో వరసలో కూర్చున్నవాడికి ఏమీ వినపడదు.

దీనికి కారణం మన చెవిలోనే ఉంది. కింది స్థాయి శబ్దాలు మన చెవికి తక్కువగా ఆనతాయి. బేస్‌లో అన్నిటికంటే లావు తీగ ఇ, దాని కంపనాలు సెకనుకి దాదాపు 41. ఆ స్వరం, గాయకుడి గొంతు సమానంగా వినపడాలంటే బేస్‌కి ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి కావాలి. ఒట్టి చెక్కపెట్టె అంత శక్తి ఇవ్వలేదు.

మూడో ఇబ్బంది శ్రుతి. డబుల్ బేస్‌కి ఫ్రెట్లు ఉండవు. మన వయొలిన్‌కి లేనట్టే. వీణకి మెట్లు ఉంటాయి కాబట్టి వేలు ఎక్కడ నొక్కాలో మెట్టు చెబుతుంది. వయొలిన్‌కైతే చెవే చెప్పాలి. హాలు గోలగా ఉండి తన వాయిద్యం తనకే వినపడనప్పుడు, పాపం ఆ డబుల్ బేస్ వాయించేవాడి చెవి మాత్రం ఏం చెబుతుంది?

బరువు, వినపడకపోవడం, శ్రుతి. ఈ మూడూ గుర్తు పెట్టుకోండి. బేస్ గిటార్ పుట్టింది వీటి కడుపులోంచే.

సియాటెల్‌లో ఒకరు, ఫుల్లర్టన్‌లో ఒకరు

బేస్ గిటార్ కనిపెట్టింది ఎవరు అంటే అందరూ లియో ఫెండర్ అంటారు. కానీ ఆయనకంటే 15 ఏళ్ళ ముందే, 1936 ప్రాంతంలో, సియాటెల్ నగరంలో పాల్ టట్మార్క్ అనే సంగీతం మాస్టారు ఆడియోవాక్స్ 736 అనే వాయిద్యం చేశాడు. గట్టి చెక్కతో ఒళ్ళు, ఫ్రెట్లు, పికప్, గిటార్‌లా అడ్డంగా పట్టుకుని వాయించే పద్ధతి. అన్నీ ఉన్నాయి. అయినా అది ఊరు దాటి పెద్దగా వెళ్ళలేదు. వాయిద్యం ఒక్కటే ఉంటే చాలదండీ. దాన్ని జనానికి చేర్చే వ్యాపారం కావాలి, దాని శబ్దాన్ని మోయగల ఆంప్ కావాలి, అన్నిటికంటే ముందు దాని అవసరం పడిన బ్యాండ్లు కావాలి. 1936లో అవన్నీ ఒకచోట కలవలేదు.

1951లో కలిశాయి. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్‌కి మొదట రేడియో రిపేరు షాపు ఉండేది. ఒక తమాషా చెబుతాను. ఆయనకి గిటార్ వాయించడం రాదు. కానీ షాపుకి వచ్చే వాద్యకారులు ఏం చెప్పినా చెవి ఒగ్గి వినేవాడు. ఏది విరుగుతోంది, ఏది బరువవుతోంది, ఏది వినపడట్లేదు, అంతా. మెకానిక్ బుద్ధి అన్నమాట. 1951లో ప్రెసిషన్ బేస్ బయటికి వచ్చింది. ప్రెసిషన్ అంటే కచ్చితత్వం. ఫ్రెట్లు ఉన్నాయి కాబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు. అంటే మూడో ఇబ్బందికి జవాబు పేరులోనే ఉంది.

తీగ పొడవు 34 అంగుళాలు పెట్టాడు. డబుల్ బేస్‌కి సుమారు 41, 42 అంగుళాలు ఉంటుంది. శ్రుతి మాత్రం డబుల్ బేస్‌దే: ఇ, ఎ, డి, జి. కాబట్టి పాతవాళ్ళకి స్వరాలు కొత్తగా నేర్చుకునే పని లేదు. గిటార్ వాయించేవాళ్ళకి ఫ్రెట్లు అలవాటే కాబట్టి వాళ్ళూ సులువుగా పట్టుకోగలరు. ఆ 34 అంగుళాల కొలతే ఇవాళ్టికీ ప్రపంచమంతా ప్రామాణికం. మీ చేతిలో ఉన్న బేస్ మీద టేపు పెట్టి చూడండి. నట్ దగ్గర్నుంచి బ్రిడ్జి దాకా దాదాపు అంతే వస్తుంది.

మొదట్లో దీన్ని చూసి నవ్వినవాళ్ళూ ఉన్నారు. దానికి గౌరవం తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు మాంక్ మాంట్‌గమరీ. లయనెల్ హాంప్టన్ పెద్ద జాజ్ బ్యాండులో 1950ల మొదట్లోనే ఫెండర్ బేస్ పట్టుకుని ఊరూరా తిరిగాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు, ఏ కంపెనీది వాయించినా సరే, దాన్ని "ఫెండర్ బేస్" అనే పిలిచేవాళ్ళు. మనం ఏ ఫొటోకాపీనైనా జిరాక్స్ అంటాం కదా, అలాగ.

1957లో ప్రెసిషన్ బేస్ పికప్ మారింది. రెండు ముక్కలుగా చేసి, ఒక్కో ముక్క రెండేసి తీగల కింద పెట్టారు. ఆ రెండు కాయిల్స్ ఒకదాని హమ్‌ని ఇంకోటి కొట్టేస్తాయి. కరెంటు గుయ్యిమనే రొద పోయి శుభ్రమైన శబ్దం వస్తుంది. లైటింగ్ వైర్లు, జనరేటర్ల మధ్య వాయించే మనలాంటివాళ్ళకి ఇది ఎంత ఉపకారమో వేరే చెప్పనక్కర్లేదు. 1960లో జాజ్ బేస్ వచ్చింది. సన్నటి నెక్, రెండు పికప్‌లు. ఇవాళ మార్కెట్లో దొరికే బేస్‌లలో చాలా భాగం ఈ రెండింటి పిల్లలే.

ఆంప్ కథ

వాయిద్యం సరే, శబ్దం మోసేది ఏది? ఫెండర్ 1952లో బాస్‌మన్ అనే ఆంప్ తెచ్చాడు. 26 వాట్లు, 15 అంగుళాల స్పీకర్ ఒకటి. తర్వాత దాన్నే 10 అంగుళాల స్పీకర్లు నాలుగుతో చేశాడు. అది బేస్ కోసం చేసింది. కానీ గిటారిస్టులు దాన్ని ఎగరేసుకుపోయారు. గట్టిగా వాయిస్తే అది కాస్త చిరిగినట్టు పలికేది, ఆ చిరుగే వాళ్ళకి తెగ నచ్చింది. లండన్‌లో జిమ్ మార్షల్ మొదటి ఆంప్‌లు చేసినప్పుడు ఆ సర్క్యూట్‌నే ఆధారం చేసుకున్నాడు. అంటే రాక్ గిటార్ గర్జన అని లోకమంతా చెప్పుకునేదానికి మూలం, బేస్ వాయించేవాడి కోసం చేసిన ఒక పెట్టె. మన ఇల్లు అద్దెకిచ్చి మనం అరుగు మీద కూర్చున్నట్టు అయింది.

బేస్ వాళ్ళ గోడు బేస్ వాడే పట్టించుకున్నాడు. ఎవరెట్ హల్ అనే డబుల్ బేస్ వాద్యకారుడు, వాయిద్యం అడుగున నేలకి ఆనే మేకులో మైకు అమర్చే పద్ధతి కనిపెట్టాడు. ఆంప్లిఫైడ్ పెగ్ అన్నమాట. ఆ రెండు మాటలు కలిపితేనే ఆంపెగ్ అనే కంపెనీ పేరు వచ్చింది. 1960లో వాళ్ళ బి-15 వచ్చింది. పని అయిపోయాక ఆంప్ భాగాన్ని తిరగేసి పెట్టెలోకే దింపి మూత పెట్టేయొచ్చు. స్టూడియోల్లో అది పాతుకుపోయింది.

తర్వాత హాళ్ళు పోయి స్టేడియంలు వచ్చాయి. 1969లో ఆంపెగ్ ఎస్‌విటి. 300 వాట్లు. రోలింగ్ స్టోన్స్ ఆ ఏడాది టూర్‌లో వాడిన సరుకు ఇదే. హెడ్ ఒక్కటే దాదాపు 40 కిలోలు. దాని కింద ఎనిమిది స్పీకర్ల బీరువా. డబుల్ బేస్ బరువు తప్పించుకోవడానికి బేస్ గిటార్ పుట్టింది కదా? 18 ఏళ్ళు తిరిగేసరికి ఆ బరువంతా ఆంప్ రూపంలో మళ్ళీ నెత్తికెక్కింది! ఇప్పుడు క్లాస్-డి ఆంప్‌లు వచ్చి రెండు మూడు కిలోల్లో 500 వాట్లు ఇస్తున్నాయి. వాటిని సంచీలో వేసుకెళ్ళే కుర్రాళ్ళని చూస్తే నా నడుము నిజంగా సంతోషిస్తుంది.

డెట్రాయిట్‌లో ఒక్క వేలు

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. జేమ్స్ జేమర్సన్. 1936లో సౌత్ కరోలినా దగ్గర ఒక దీవిలో పుట్టాడు. 1954లో డెట్రాయిట్ చేరాడు. మొదట డబుల్ బేస్ వాయించేవాడు. మోటౌన్ అనే రికార్డు కంపెనీ ఒక మామూలు ఇంటిని స్టూడియోగా మార్చుకుని పని చేసేది. వాద్యకారులు ఆ గదిని స్నేక్‌పిట్ అనేవాళ్ళు, అంటే పాముల గుంట. నేలంతా వైర్లు మరి. 1960లలో అమెరికా ఊగిపోయిన ఎన్నో పాటలకి బేస్ ఆ గుంటలోంచే వచ్చింది.

జేమర్సన్ దగ్గర ఉన్న సరంజామా ఏంటో వినండి. 1962 నాటి ప్రెసిషన్ బేస్ ఒకటి. దాని మీద లావుపాటి ఫ్లాట్‌వూండ్ తీగలు, అంటే పైన చుట్టిన తీగ బద్దలా చదునుగా ఉండే రకం. అవి తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జి దగ్గర ఒక స్పాంజి ముక్క, మోత ఎక్కువసేపు సాగకుండా. కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే. దాన్ని వాద్యకారులు హుక్, అంటే కొక్కెం అనేవాళ్ళు. ఆంప్ ముందు మైకు పెట్టడం లాంటివి లేవు, బేస్ నేరుగా కన్సోల్‌లోకి వెళ్ళేది.

అంటే ఖరీదైన గొలుసు ఏదీ లేదు. పాత తీగలు, ఒక స్పాంజి, ఒక వేలు, ఒక వైరు. అయినా ఇవాళ సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఆ శబ్దాన్ని కంప్యూటర్‌లో తయారుచేసి అమ్ముకుంటున్నాయి.

ఎందుకు పలికింది అది? పాత ఫ్లాట్‌వూండ్ తీగలో పై ధ్వనులు చచ్చిపోయి ఉంటాయి, మూల స్వరం ముద్దగా మిగులుతుంది. స్పాంజి వల్ల ఒక్కో స్వరం మృదంగం తొప్పి మీద దెబ్బలా మొదలై ఆగిపోతుంది. కాబట్టి స్వరాలెన్ని వాయించినా ఒకదాని మీద ఒకటి పడవు, గాయని గొంతుకి అడ్డం రావు. అందుకే ఆయన అంత చిక్కటి సంగతులు వేయగలిగాడు. డబుల్ బేస్ నేర్పిన ఒంటి వేలు, జాజ్ నేర్పిన బుర్ర, ఈ రెండూ కలిస్తే ఆ టోన్. బేస్ కొంటే టోన్ వస్తుందా అని అడిగే తమ్ముళ్ళకి నా జవాబు ఇదే.

ఇక పేరు సంగతి. ఆ కంపెనీ రికార్డుల మీద వాద్యకారుల పేర్లు ఉండేవి కావు. 1971లో మార్విన్ గే తన 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్ మీద వేసేదాకా జేమర్సన్ పేరు జనానికి తెలియదు. మరుసటి ఏడాది కంపెనీ లాస్ ఏంజిలస్‌కి తరలిపోయింది. అక్కడ ఆయన నిలదొక్కుకోలేకపోయాడు. 1983 మార్చిలో మోటౌన్ 25 ఏళ్ళ పండగ టీవీ కోసం ఘనంగా చేశారు. మైకేల్ జాక్సన్ మూన్‌వాక్ వేసింది ఆ వేదిక మీదే. జేమర్సన్ ఆ రాత్రి టికెట్ కొనుక్కుని ప్రేక్షకుల మధ్య కూర్చుని చూశాడని ఆయన గురించి రాసినవాళ్ళు చెప్తారు. అదే ఏడాది ఆగస్టులో పోయాడు. 47 ఏళ్ళు. ఆ 1962 బేస్ కూడా ఆయన పోవడానికి కొద్ది రోజుల ముందే ఎవరో ఎత్తుకుపోయారు.

2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2002లో ఆ బృందం మీద డాక్యుమెంటరీ సినిమా వచ్చింది. మంచిదే. కానీ 17 ఏళ్ళు ఆలస్యం.

ఇంకో నలుగురు, ఇంకో నాలుగు ఇబ్బందులు

జేమర్సన్ ఒక్కడే కాదు, అదే కాలంలో ఇంకా కొందరు ఉన్నారు.

కరోల్ కే. లాస్ ఏంజిలస్‌లో స్టూడియో గిటారిస్టు. 1963లో ఒక రికార్డింగుకి బేస్ వాయించేవాడు రాలేదు. ఆవిడ చేతికి బేస్ ఇచ్చారు. గిటార్ అలవాటు కాబట్టి పిక్‌తోనే వాయించింది. తీగల మీద ఫెల్ట్ గుడ్డ ముక్క అడ్డం పెట్టింది. చిన్న రేడియోలో కూడా టక్ టక్‌మని విడివిడిగా వినపడే బేస్ తయారైంది. ఆ తర్వాత వేల రికార్డింగుల్లో వాయించింది. బేస్ మగవాళ్ళ వాయిద్యం అనుకునేవాళ్ళు ఆవిడ వాయించినవి ఒకసారి వినండి.

లారీ గ్రాహమ్. వాళ్ళమ్మ పియానో వాయిస్తూ పాడేది, ఈయన ఆవిడతో కలిసి వాయించేవాడు. డ్రమ్మర్ లేకుండా నడవాల్సి వచ్చింది. డ్రమ్ లేని లోటు పూడ్చడానికి బొటనవేలితో తీగని కొట్టాడు, అది బేస్ డ్రమ్. వేలితో తీగని లాగి వదిలాడు, అది స్నేర్. ఇవాళ స్లాప్ అని కుర్రాళ్ళు తెగ ప్రాక్టీస్ చేసేది ఇదే. విన్యాసం కోసం పుట్టలేదు, డ్రమ్మర్ లేక పుట్టింది.

జాన్ ఎంట్విసిల్, ఇంగ్లండ్‌లో ద హూ బ్యాండు. పక్కన గిటారిస్టు, డ్రమ్మర్ ఇద్దరూ పిడుగులే. వాళ్ళని చీల్చుకుని వినపడాలంటే బేస్‌కి పియానోలాంటి మెరుపు కావాలి. 1966లో రొటోసౌండ్ తీగల కంపెనీతో కూర్చుని రౌండ్‌వూండ్ తీగల్ని సరిచేయించాడు. ఇవాళ షాపులో మామూలుగా దొరికే గరుకు తీగలు ఆ దారిలో వచ్చినవే.

నాలుగో మనిషి జాకో పాస్టోరియస్. ఫ్లోరిడా సముద్రపు తేమకి డబుల్ బేస్ నిలవదు. మన కోస్తావాళ్ళకి ఈ బాధ తెలుసు. ఆయన ఫ్రెట్లు తీసేసిన 1962 జాజ్ బేస్ పట్టుకున్నాడు. కానీ రౌండ్‌వూండ్ తీగలు చెక్కని ఆకురాయిలా తినేస్తాయి. అందుకని పడవలకి పూసే ఎపాక్సీ పూత వేశాడు. చెక్కని కాపాడుకోవడానికి వేసిన ఆ గట్టి పూత వల్లే, 1976లో వచ్చిన ఆయన ఆల్బమ్‌లో బేస్ గొంతు విప్పి పాడినట్టు ఉంటుంది. లియో ఫెండర్ శ్రుతి కోసం ఫ్రెట్లు పెట్టాడు, జాకో గమకం కోసం వాటిని వదిలేశాడు. వీణ, వయొలిన్ రెండూ విన్న మనకి ఇందులో తగవేమీ కనపడదు.

మద్రాసు గదుల్లో

ఇప్పటిదాకా చెప్పిందంతా అమెరికా, ఇంగ్లండ్. మన చెవికి బేస్ గిటార్ పరిచయమైంది మాత్రం సినిమా పాటలోంచి. తెలుగు పాటలు మద్రాసులో రికార్డయ్యే రోజులవి. అక్కడ బేస్‌ని గదిలో వెనకాల ఉండే వాయిద్యంగా కాకుండా, పాటలో రెండో గొంతుగా నిలబెట్టినవారు ఇళయరాజా గారు.

ఆయనే స్వయంగా గిటారిస్టు. 1976లో సంగీత దర్శకుడు కాకముందు ఇతరుల ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయించారు. పాశ్చాత్య సంగీతం చదువుకున్నారు. ఆ పద్ధతిలో బేస్ అంటే తీగకి అడుగున పెట్టే దిమ్మ కాదు, పై రాగానికి ఎదురు నడిచే ఇంకో రాగం. ప్రతి వాయిద్యానికీ స్వరాలు కాగితం మీద రాసి ఇచ్చేవారు. కాబట్టి బేస్ కూడా వాయించేవాడికి ఆ పూట తోచింది కాదు, పాటతో పాటు పుట్టింది. 1983 'సాగర సంగమం', 1989 'గీతాంజలి' పాటలు మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి వినండి. గాయకుణ్ణి పక్కన పెట్టండి, వయొలిన్లని పక్కన పెట్టండి. అడుగున నడిచేవాడి వెంట నడవండి. పాట కొత్తగా వినపడకపోతే నన్నడగండి.

ఆ స్వరాల్లో ఎన్నిటికో చెయ్యి అందించినవారు శశిధరన్ గారు. ఎంతమందికి తెలుసు ఆ పేరు? పాటల పుస్తకంలో రచయిత ఉన్నాడు, గాయకుడు ఉన్నాడు, హీరో ఉన్నాడు. బేస్ వాయించినాయన లేడు. డెట్రాయిట్‌కీ మద్రాసుకీ వేల మైళ్ళ దూరం ఉన్నా ఈ విషయంలో రెండూ పక్కపక్క వీధులే. తర్వాత ఏ.ఆర్. రెహమాన్ తన ఆల్బమ్‌ల మీద వాద్యకారుల పేర్లు వేయించారు. కీత్ పీటర్స్ అనే బేసిస్ట్ పేరు నాలాంటివాళ్ళకి తెలిసింది ఆ క్యాసెట్ అట్టల మీద నుంచే.

యంత్రం వచ్చాక

సరే, ఇప్పుడు ఆర్కెస్ట్రా వాళ్ళ ప్రశ్నకి వద్దాం. ట్రాక్ ఉండగా మనిషెందుకు?

ఈ ప్రశ్న ఇప్పుడు కొత్తగా వచ్చింది కాదు. 1977లో పార్లమెంట్ బ్యాండు వాళ్ళ 'ఫ్లాష్‌లైట్' పాటలో బేస్ గిటార్ లేదు, మినీమూగ్ సింథసైజర్ మీద బర్నీ వారెల్ వాయించిన బేస్ ఉంది. 1980లలో కీబోర్డు బేస్ పాటలన్నీ నింపేసింది. సింథ్‌కి లావు ఇ దగ్గర ఆగాల్సిన పనిలేదు, ఇంకా కిందికి దిగిపోతుంది. బేస్ వాళ్ళు ఏం చేశారు? ఇంకో తీగ కట్టుకున్నారు. ఆంథనీ జాక్సన్ 1975లోనే ఆరు తీగల బేస్ చేయించుకున్నాడు. 80లలో కింద బి తీగతో ఐదు తీగల బేస్ మామూలైంది. దాని కంపనాలు సెకనుకి సుమారు 31. ఇవాళ సినిమా పాటలు వాయించే మనలో చాలామంది చేతిలో ఐదు తీగల బేస్ ఉండడానికి కారణం అదే.

కాబట్టి యంత్రంతో మనకి పాత పరిచయమే. ట్రాక్ తప్పు పోదు, జీతం అడగదు, ఆలస్యంగా రాదు. ఒప్పుకుంటాను. కానీ ట్రాక్‌కి చెవి లేదు. గాయని పల్లవి ఇంకోసారి అందుకుంటే దానికి తెలీదు. తబలా ఆయన ఉత్సాహంగా నడక పెంచితే దానికి పట్టదు. మైకు పోయి పాట ఆగబోతుంటే, నాలుగు మాత్రలు నిలబెట్టి "ఫరవాలేదు, రా" అని చెప్పలేదు. బేస్ చేసే పనిలో సగం స్వరం, సగం ఈ చూసుకోవడమే. లారీ గ్రాహమ్ బొటనవేలు వాడింది దానికే, కరోల్ కే గుడ్డ ముక్క పెట్టింది దానికే. పక్కవాడికి ఏం తక్కువైందో చూసి పూడ్చడం.

మన పనికి ఏం పనికొస్తుంది?

చివరగా, ఈ చరిత్రలోంచి రేపటి ప్రోగ్రామ్‌కి పనికొచ్చే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి. టోన్ ముందు వేలిలో ఉంది. బ్రిడ్జి దగ్గర వాయిస్తే గట్టిగా, సన్నగా పలుకుతుంది, నెక్ వైపు వాయిస్తే గుండ్రంగా పలుకుతుంది. ఈ మార్పుకి పైసా ఖర్చు లేదు.

రెండు. తర్వాతిది తీగ. పాత పాటలు ఎక్కువగా వాయించేవాళ్ళు ఒక్కసారి ఫ్లాట్‌వూండ్ వేసి చూడండి. ఖరీదు కాస్త ఎక్కువైనా ఏళ్ళ తరబడి ఉంటాయి. మన చెమటకి, తేమకి రౌండ్‌వూండ్ మెరుపు నాలుగు ప్రోగ్రాములకే పోతుంది. ఫ్లాట్ తీగలకి పోవడానికి ఆ మెరుపే లేదు కదా. ఒకవేళ నచ్చకపోతే బ్రిడ్జి దగ్గర చిన్న స్పాంజి ముక్క పెట్టండి.

మూడు. ఫంక్షన్ హాలులో బేస్ బుడబుడమంటే అందరూ లో నాబ్ ఇంకా పెంచుతారు. తగ్గించండి. హాలే కింది శబ్దాన్ని ఉబ్బిస్తుంది. 400 నుంచి 800 దాకా ఉన్న మధ్య భాగం కాస్త లేపితే స్వరం స్పష్టంగా బయటికి వస్తుంది. ఫోన్లో రికార్డ్ చేసినవాళ్ళకి కూడా మీరు వినపడేది అక్కడే. ఫోన్ స్పీకర్ 41ని పలికించలేదు. దానికి ఎన్నో రెట్లు ఉన్న ధ్వనులు వినపడితే అడుగు స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది.

నాలుగు. ఆంప్ కొనే స్తోమత లేకపోతే బాధపడొద్దు. ఒక మంచి డిఐ బాక్స్ కొనుక్కోండి, సంచీలో పడుంటుంది. డెట్రాయిట్ పాములగుంటలో చేసింది కూడా ఇంచుమించు అదే కదా.

ఇంకొక్క మాట, ఇది ఆర్కెస్ట్రా నడిపే పెద్దలకి, పాటల వీడియోలు పెట్టే తమ్ముళ్ళకి. వీడియో కింద పాడినవాళ్ళ పేరు రాస్తారు కదా, ఇంకో వరస కలిపి వాయించినవాళ్ళ పేర్లు కూడా రాయండి. కీబోర్డు ఫలానా, తబలా ఫలానా, బేస్ ఫలానా అని. దానికి డబ్బు ఖర్చు కాదు, రెండు నిమిషాలు పడుతుంది. జేమర్సన్‌కి ఆ ఒక్క వరస దక్కడానికి పదేళ్ళకు పైగా పట్టింది.

వచ్చే ఎపిసోడ్‌లో డ్రమ్ కిట్ ఎలా పుట్టిందో చెప్పుకుందాం. అందాకా ఏదో ఒక పాత పాట పెట్టుకుని, అడుగున నడిచేవాడి వెంట కాసేపు నడిచి రండి. ఉంటానండీ, నమస్కారం.